రెబెక్కా మీద తీర్పు

చెంచులక్ష్మికి విడాకులయ్యాయని తెలుసు గాని, ఆ విడాకుల కాగితం ఎలా ఉంటుందో తెలియదు. ఎన్నడూ చూడలేదు, చూడాలని కోరుకోనూ లేదు. సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో ఒక ఆస్పత్రిలో డయాలిసిస్ వార్డు నర్సుగా చేరిన నాలుగో ఏట, చెల్లెలు షైని రాజోలు నుంచి ఫోన్ చేసి, కేసు అయిపోయిందంట, పాప నీకేనంట, పాస్టరుగారు చెప్పారు అంది. చెంచులక్ష్మి సరేనంది. ఆ పూట డ్యూటీ మామూలుగానే చేసుకుంది. సాయంత్రం హాస్టలు గదికొచ్చాక మాత్రం స్టవ్ మీద అన్నం పెట్టి మర్చిపోయింది. విడాకుల గురించి ఆవిడకి జ్ఞాపకం ఉన్నది ఆ మాడు వాసన ఒక్కటే.

ఇన్నాళ్ళకి ఆ కాగితంతో పని పడింది.

ఈ మధ్యే హాస్టలు వదిలి రెండు గదుల ఫ్లాటు తీసుకుంది. వేసవి సెలవులకి కూతురు జెస్సీని తెచ్చుకుని దగ్గర పెట్టుకోవాలని కోరిక. పిల్ల నాలుగేళ్ళ వయసు నుంచీ పిన్ని షైని దగ్గరే పెరుగుతోంది. ఇప్పుడు ఏడో తరగతి. తల్లి సెలవు మీద ఇంటికెళ్ళినప్పుడల్లా మొదట్లో కొత్త మనిషిని చూసినట్టు చూస్తుంది, నెమ్మదిగా చేరువవుతుంది, తిరుగు ప్రయాణం దగ్గర పడేసరికి ముందే ముడుచుకుపోతుంది. పోయినసారి విమానాశ్రయానికి కూడా రాలేదు, కడుపునొప్పని చెప్పింది. ఆ నొప్పి అబద్ధమని ముగ్గురికీ తెలుసు. ఈ వేసవికి కూడా రప్పించుకోలేకపోతే ఆ పిల్ల ఇక తనకి దక్కదని చెంచులక్ష్మికి గట్టిగా అనిపించింది.

వీసా కావాలంటే ముందు పాస్‌పోర్టు కావాలి. షైని పిల్లని వెంటబెట్టుకుని పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ కూర్చున్నావిడ బాగానే మాట్లాడిందట. బర్త్ సర్టిఫికెట్లో తండ్రి పేరుంది కాబట్టి తండ్రి వచ్చి సంతకం చెయ్యాలి, విడాకులైపోతే పిల్లని తల్లికి అప్పగించినట్టు కోర్టు తీర్పు నకలు తేవాలి, అదీ కోర్టు ముద్ర ఉన్నది తేవాలి, జిరాక్సు కుదరదు అని చెప్పి పంపించేసింది.

"అసలు జిరాక్సైనా ఎక్కడుందే?" అంది చెంచులక్ష్మి.

"నీ దగ్గర లేదా?"

"నీ దగ్గరుందనుకున్నాను."

కేసు అయిపోయిందని చెప్పిన పాస్టరుగారు ప్రభువునందు నిద్రించి చాలా కాలమైంది. సెలవు మీద వచ్చినప్పుడు అమలాపురంలో చెంచులక్ష్మి పెట్టుకున్న లాయరు హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఆయన గుమాస్తా ఒకాయన ఫోనెత్తాడు గాని, కేసు నెంబరు చెప్పండమ్మా అన్నాడు. నెంబరు తెలియదంటే, నెంబరు లేకుండా అటక మీద కట్టల్లో దేన్ని విప్పమంటారండీ అన్నాడు. వ్యవహారం తెలిసిన వాళ్ళు మొగుణ్ణి అడిగి సంతకం పెట్టించుకోమన్నారు. ఆ ఒక్కటీ తను అడగనంది.

ఆస్పత్రిలో ఇన్సూరెన్సు బల్ల దగ్గర కూర్చునే సుల్తానా హైదరాబాదు పిల్ల. రోజంతా కంప్యూటర్లో పేషెంట్ల పేర్లు కొట్టి అనుమతులు తెప్పించడమే ఆమె పని. చెంచులక్ష్మి కష్టం విని, ఇండియా కోర్టుల కేసులన్నీ ఇప్పుడు వెబ్‌సైటులో కనబడతాయి, పేరు కొడితే చాలు అంది. భోజనం వేళ ఇద్దరూ ఒక ఫోను మీద తలలు ఆనించి కూర్చున్నారు.

మొదటి అడ్డంకి జిల్లా దగ్గరే వచ్చింది. చెంచులక్ష్మి కోనసీమ అంది. వెబ్‌సైటు జాబితాలో కోనసీమ లేదు. సుల్తానా పైకీ కిందికీ వెతికింది.

"మీ జిల్లా లేదక్కా. మీరు నిజంగ ఇండియావాళ్ళేనా?"

"నిన్నగాక మొన్నే జిల్లా చేశారే. ఆధార్ కార్డులో కూడా మార్చుకున్నాం."

తీరా షైనికి ఫోన్ చేసి, షైని ఎవరినో అడిగితే తేలింది, కలెక్టరు కొత్త జిల్లాకి వచ్చాడు గాని కోర్టులు ఇంకా పాత జిల్లాలోనే ఉన్నాయని. అంటే ఇల్లు కోనసీమలోనూ, కేసు తూర్పు గోదావరిలోనూ ఉందన్నమాట. చెంచులక్ష్మికి అది అర్థమైనట్టే ఉండి అర్థం కాలేదు. సుల్తానా మాత్రం తూర్పు గోదావరి నొక్కి, అమలాపురం నొక్కి, పేరు గడిలో చెంచులక్ష్మి అని కొట్టింది. ఏ ఏడాదని అడిగింది. చెంచులక్ష్మి సరిగా చెప్పలేకపోయింది. జెస్సీకి అమ్మవారు పోసిన ఏడాది అంది. అటూ ఇటూ నాలుగైదు ఏళ్ళు కొట్టి చూశాక వచ్చింది. చెంచులక్ష్మి, నెహెమ్యా. రెండు పేర్లూ పక్కపక్కన.

ఆ రెండు పేర్లూ అంత దగ్గరగా ఆవిడ ఏళ్ళ తరబడి చూడలేదు. చూపు తిప్పుకుంది.

"ముగిసిందనే ఉంది," అని సుల్తానా ఫోన్ దగ్గరగా పెట్టుకుంది. తర్వాత ముఖం కాస్త మారింది. "అక్కా, గిది మీరు గెల్చిన కేసు కాదు. మీరు వాయిదాలకు పోలేదంట. కొట్టేసిండ్రు."

"కొట్టేయడమేంటి? పాప నాదని ఇచ్చారు కదా."

"పాప సంగతి ఇందుల లేదు. విడాకుల సంగతి గూడ లేదు."

చెంచులక్ష్మి మధ్యాహ్నం వార్డులోకి వెళ్ళింది. ముసలి సౌదీ ఆవిడ ఒకామె చెయ్యి చాపి పడుకుని ఉంది. సూది ఎప్పటిలాగే సరిగ్గా గుచ్చింది, చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. తల మాత్రం వేరే లెక్కలో పడింది. కేసు కొట్టేస్తే తనకి విడాకులు కాలేదు. కాకపోతే తను ఇంకా నెహెమ్యా భార్యే. ఇన్నేళ్ళూ ఆస్పత్రి ఫారాల్లో, సౌదీలో ఉండనిచ్చే ఇఖామా కాగితాల్లో, అడిగిన ప్రతి చోటా విడాకులు తీసుకున్నానని రాసింది. అదంతా అబద్ధమైనట్టే గదా. అసలు నెహెమ్యా మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని షైని ఒకసారి చెప్పింది. చర్చిలోనే చేసుకున్నాడట. విడాకులు కాకుండా చర్చిలో పెళ్ళెవరు చేస్తారు? ముసలావిడ అరబ్బీలో ఏదో అడిగింది. చెంచులక్ష్మి తలూపింది. అడిగిందేమిటో ఆవిడకి తెలియలేదు.

సాయంత్రం షైనితో మాట్లాడితే ఇంకా తికమక పెరిగింది. పాస్టరుగారికి ఎవరు చెప్పారో షైనికి తెలియదు. చివరికి షైనియే గొంతు తగ్గించి, "బావ నెంబరు నా దగ్గరుందక్కా. ప్రతి క్రిస్మస్‌కీ జెస్సీకి ఫోన్ చేత్తాడు. నీకు చెప్పలేదు," అంది.

ఆ కోపం సంగతి తర్వాత చూసుకోవచ్చని చెంచులక్ష్మి పక్కన పెట్టింది. మర్నాడు శుక్రవారం, సెలవు. బట్టలన్నీ ఉతికి ఆరేసి, ఇల్లు తుడిచి, తుడవడానికి ఇంకేమీ మిగలక, ఫోన్ చేసింది.

ఒకప్పుడు ఏవండీ అని పిలిచేది. ఇప్పుడు మీరు అనాలో నువ్వు అనాలో తేలక, రెండూ రాకుండా మాటలు కూర్చుకుంది. పాప పాస్‌పోర్టు కోసం కోర్టు కాగితం కావాల్సి వచ్చింది, అమలాపురం కేసు కొట్టేసినట్టుంది, సంగతేమిటో తెలియడం లేదు అంది.

"అది నువ్వేసిన కేసు. అది పోయింది," అన్నాడు నెహెమ్యా. "తీర్పయ్యింది నేనేసిన కేసు. రాజమండ్రి ఫ్యామిలీ కోర్టులో."

"వేరే కేసు వేసినట్టు నాకెవరూ చెప్పలేదు."

"మీ ఇంటికి నోటీసొచ్చింది కదా. అలాంటి మనిషి ఇక్కడ లేదని రాసి తిప్పి పంపేరు. పేపర్లో కూడా ఏయించేం."

"నేను లేనని రాశారా?"

"రెబెక్కా అనే మనిషి లేదని రాశారు."

అప్పుడు తెలిసింది చెంచులక్ష్మికి. ఆవిడ ఊళ్ళో సగం చర్చి సంఘానికి ఉన్నట్టే ఆవిడకీ రెండు పేర్లు. బడిలో వేసినప్పుడు తాతమ్మ పేరు పెట్టి చెంచులక్ష్మి అని రాయించారు. సర్టిఫికెట్లూ ఆధారూ పాస్‌పోర్టూ అన్నీ ఆ పేరు మీదే. పదో తరగతి అయ్యాక కాలవలో బాప్తిస్మం ఇచ్చిన రోజు పాస్టరుగారు రెబెక్కా అని పేరు పెట్టారు. పెళ్ళి ధవళేశ్వరంలో నెహెమ్యా వాళ్ళ చర్చిలో జరిగింది కాబట్టి పెళ్ళి రిజిస్టరులో రెబెక్కా అని రాశారు. తన లాయరు ఆధార్ కార్డు చూసి కేసు రాశాడు. నెహెమ్యా లాయరు పెళ్ళి సర్టిఫికెట్ చూసి రాశాడు. ఒక కోర్టులో చెంచులక్ష్మి మొగుడి మీద కేసు వేసి పోగొట్టుకుంది. ఇంకో కోర్టులో ఎక్కడా లేని రెబెక్కా మీద మొగుడు గెలిచాడు. నోటీసు వచ్చేనాటికి పుట్టింట్లో అద్దెకున్నవాళ్ళు ఇంటి వాళ్ళమ్మాయిని లక్ష్మిగారనే ఎరుగుదురు. రెబెక్కా ఎవరో వాళ్ళకేం తెలుసు?

పాప సంగతి అడిగింది. పాప తల్లి దగ్గరే ఉండొచ్చని తానే చెప్పానని, తీర్పులో అలాగే రాశారని, పాస్టరుగారు వచ్చి అడిగితే ఆ ముక్కే చెప్పానని అన్నాడు.

"అలాగైతే పాస్‌పోర్టు కాగితం మీద ఒక సంతకం పెడితే సరిపోద్ది కదా," అంది, అడగనన్న మాట మింగేసి.

నెహెమ్యా ఆలోచించాడు. వెనకాల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడింది.

"సంతకం మాత్రం అడక్కు రెబెక్కా. ఇంట్లో గొడవలౌతాయి. నెంబరు ఇత్తాను, నకలు తెచ్చుకో."

అన్న మాట ప్రకారం నెంబరు పంపాడు. ఆ పేరుతో పిలిచినందుకు కోపం రాలేదు. అదే ఆవిడకి వింతగా ఉంది.

నెంబరు దొరికితే పని సులువనుకున్నారు. వెబ్‌సైటులో ఆ నెంబరు కొడితే కేసు కనబడింది గాని తీర్పు కనబడలేదు. మొగుడూపెళ్ళాల కేసుల్లో తీర్పులు అందరికీ కనబడనివ్వరట. నకలు కావాలంటే కోర్టులోనే కాపీ అప్లికేషన్ వెయ్యాలి. షైని రాజమండ్రిలో ఒక వకీలమ్మని పట్టుకుంది. ఆవిడ ఫోన్లో ఓపిగ్గా చెప్పింది. కేసులో ఉన్న మనుషులకి నకలు అడిగే హక్కుంది. మీరు దేశంలో లేరు కాబట్టి నాకు వకాల్తా ఇవ్వాలి. కేసులో ఉన్నది రెబెక్కా కాబట్టి వకాల్తా మీద రెబెక్కా అని సంతకం చెయ్యాలి. అక్కడ మన ఎంబసీ తరఫున అటెస్టేషన్ చేసేచోట ముద్ర వేయించి పంపండి.

చెంచులక్ష్మికి ఆ సంతకం ఎలా పెట్టేదో గుర్తు లేదు. పెళ్ళి రిజిస్టరులో తప్ప ఎక్కడా పెట్టలేదు. పాత మందుల చీటీ వెనక నాలుగుసార్లు రాసి చూసుకుంది. స్కూలు పిల్ల కాపీ రాసినట్టు వచ్చింది.

అటెస్టేషన్ కేంద్రం పక్క ఊరు ఖోబర్‌లో ఉంది. సుల్తానా తోడొచ్చింది. కౌంటరులో ఉన్న మలయాళీ అతను వకాల్తా చూశాడు, పాస్‌పోర్టు చూశాడు, ఆవిడ ముఖం చూశాడు. పాస్‌పోర్టులో ఉన్నవాళ్ళు సంతకం చేస్తేనే ముద్ర వేస్తాం, ఈ రెబెక్కా గారిని కూడా రమ్మనండి అన్నాడు హిందీలో, మర్యాదగానే. నేనే అని ఆవిడ అంది. అలాగైతే పాస్‌పోర్టులో ఎందుకు లేదన్నాడు. ఆవిడ కాలవా, బాప్తిస్మం, పాస్టరుగారూ అంటూ హిందీలో మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. వెనక వరసలో మనుషులు కదులుతున్నారు.

బయటికొచ్చాక సుల్తానా టాక్సీ కోసం చూస్తూ, "అక్కా, మాకు ఒక్క పేరు మీదనే అపాయింట్‌మెంట్ దొర్కుతలేదు. మీకు రెండు పేర్లెందుకో నాకు సమజ్ ఐతలేదు," అంది.

"నవ్వకే. చెంచులక్ష్మి సంతకం పెడితే కోర్టు తీసుకోదు. రెబెక్కా సంతకం పెడితే వీళ్ళు తీసుకోరు. నేనెవర్నో నాకే తెలీటంలేదు."

సుల్తానా నవ్వలేదు. చెంచులక్ష్మి రోడ్డు పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే నీళ్ళ బాటిల్ మూత తీసి ఇచ్చింది.

దారి చివరికి వకీలమ్మే చూపించింది. ముందు పాస్‌పోర్టు పేరుతో ఒక అఫిడవిట్ రాయండి, చెంచులక్ష్మి అన్నా రెబెక్కా అన్నా ఒక్కరేనని ప్రమాణం చెయ్యండి, దానికి ఆధారాలు జతచెయ్యండి, వకాల్తా మీద కూడా రెండు పేర్లూ వచ్చేలా సంతకం పెట్టండి అంది. ఆధారం కోసం షైని చర్చికి పరుగెత్తింది. కొత్త పాస్టరుగారు కుర్రాయన. పాత రిజిస్టర్లు తిరగేసి, బాప్తిస్మం రాసిన పేజీ వెతికి, ఉత్తరం రాసి ముద్ర కొట్టి ఇచ్చాడు. ఖోబర్‌లో ఈసారి వేరే అతను కూర్చున్నాడు. కాగితాలన్నీ చదివాడు, ఇంకో కాగితం కూడా అడిగాడు, అది ఇంట్లో ఉంటే మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నారు. ముద్ర పడింది. కొరియరులో పోయింది. రాజమండ్రిలో రికార్డులు పాత గదిలో ఉన్నాయనీ, కట్ట దొరకలేదనీ, దొరికిందనీ షైని విడతలు విడతలుగా చెప్పింది. ఏది ఎప్పటి మాటో చెంచులక్ష్మికి కలిసిపోయింది. ఎండలు ముదిరాయి. జెస్సీకి పరీక్షలు కూడా అయిపోయాయి.

ఒక మధ్యాహ్నం తీర్పు నకలు ఫొటోలుగా ఫోన్లోకి వచ్చింది. అప్పుడే చెంచులక్ష్మి దాన్ని మొదటిసారి చదివింది.

ఇంగ్లీషులో ఉంది. రెబెక్కా అనే ప్రతివాది సరైన కారణం లేకుండా భర్తనీ కాపురాన్నీ విడిచిపెట్టి సౌదీ అరేబియా వెళ్ళిపోయిందని, పిలిచినా రాలేదని, కోర్టు నోటీసుకి కూడా జవాబు ఇవ్వలేదని రాశారు. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని, రెండేళ్ళు వెళ్ళొస్తే బాగుంటుందని అనుకున్నది అందులో లేదు. వీసా వచ్చిన రోజు నెహెమ్యా బిరియానీ తెచ్చినది లేదు. ఆ తర్వాత ఫోన్లు ఎత్తడం మానేసినదీ లేదు, తను మాత్రం రెండేళ్ళకి బదులు మళ్ళీ మళ్ళీ కాంట్రాక్టు పొడిగించుకున్న సంగతి కూడా లేదు. చివరి పేజీలో, పాప తల్లి సంరక్షణలోనే కొనసాగాలని ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం కావాలంటే పై పేజీలన్నీ కూడా ఇవ్వాలి.

షైని ఫోన్ చేసింది. "ఇవి ఆఫీసులో ఇచ్చేదాకా జెస్సీకి చూపించకూడదనుకున్నానక్కా. ఆటోలో నా చేతిలోంచి లాక్కుని చదివేసింది. దానికి నాకంటే ఇంగ్లీషు బాగా వచ్చు."

"ఏమంది?"

"ఏమన్లేదు. అన్నం తినలేదు. ఇదిగో, నీతో మాట్లాడతానంటంది."

జెస్సీ ఫోన్ తీసుకుంది.

"అమ్మా, ఇందులో ఉన్న రెబెక్కా నువ్వేనా?"

"నేనే."

"వదిలేసి వెళ్ళిపోయిందని ఉంది. ఎవర్ని, ఆయన్నా? నన్నా?"

చెంచులక్ష్మి దగ్గర జవాబులు సిద్ధంగానే ఉన్నాయి. నీ చదువు కోసం, నీ భవిష్యత్తు కోసం. ఇన్నాళ్ళూ అందరికీ చెప్పినవే. ఈ పిల్లకి అవి చెప్పబుద్ధి కాలేదు.

"కింద చివర్లో చూడమ్మా. నిన్ను నాకిచ్చారు."

"చూశాను. ఇచ్చారు. నువ్వు తీసుకోలేదు కదా."

బాల్కనీలో ఆరేసిన యూనిఫారం అప్పటికే అట్టలా ఎండిపోయింది. చెంచులక్ష్మి దాన్ని పట్టుకుని నిలబడింది.

"తీసుకోలేదు," అంది. "ఇప్పుడు రమ్మంటున్నాను."

జెస్సీ ఫోన్ పెట్టేస్తుందేమో అనుకుంది. పెట్టలేదు.

"పిన్ని రేపు మళ్ళీ ఆఫీసుకి వెళ్దామంటోంది," అంది జెస్సీ. "వస్తాను. ఫొటో కూడా దిగుతాను. అక్కడికొచ్చేది మాత్రం ఇంకా చెప్పలేను."

"సరే."

"నిజంగా అడుగుతున్నాను, ఒకవేళ వస్తే తిరుగు టికెట్టు కూడా ముందే తీస్తావా? రోజు నేనే చెప్తాను. అది నా దగ్గరుండాలి. నీ దగ్గర కాదు, పిన్ని దగ్గర కాదు."

ఆ మాట ఎక్కడ నేర్చిందో, ఎంత కాలంగా దాచుకుందో చెంచులక్ష్మికి అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం తెలిసింది, పిల్ల అడిగింది ఇవ్వడానికి కోర్టుతో పని లేదని.

"తీస్తాను," అంది. "నీ ఫోన్‌కే పంపిస్తాను. నువ్వే దాచుకో."